రెండు తేదీల పెళ్ళి

"అక్కా, నీ పెళ్ళి ఏ రోజైంది?"

అప్పుడు దుప్పటి కొసలు రెండు నా చేతుల్లో, రెండు ఆమె చేతుల్లో ఉన్నాయి. ఆస్పత్రి లాండ్రీలో మా ఇద్దరిదీ మడతబల్ల. రోలరు యంత్రంలోంచి కాలుతూ వచ్చే దుప్పటిని చెరోవైపు పట్టుకుని ఒక్క దులుపు దులపాలి. సగానికి మడిచాక ఆమె నా దగ్గరికి నడిచొచ్చి అంచులు నా చేతికి అందించాలి. రోజంతా ఇలా ఎదురెదురుగా నిలబడి, దగ్గరికొస్తూ దూరం జరుగుతూ ఉండే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఏ సంగతీ ఎక్కువకాలం దాగదు.

"ఎండాకాలంలో అయింది," అన్నాను. "కరెంటు పోయి పెళ్ళికొడుకు చెమటలో నానిపోయిన రోజు. తేదీ అంటావా, మీ బావగారికి ఎప్పుడైనా గుర్తొస్తే నాకూ చెప్పమను."

ఆమె నవ్వలేదు. "ఏదైనాగానీ, ఒకటే తేదీ కదా?"

"పెళ్ళికి ఎన్ని తేదీలుంటాయే?"

"నాకు రెండున్నాయక్కా," అంది. అంచులు సరిగ్గా కలిపి నా చేతిలో పెట్టి, తర్వాతి దుప్పటి కోసం అటు తిరిగింది.

లాండ్రీలో అందరూ ఆమెను నిదానం అని పిలిచేవాళ్ళు. రోలరు దగ్గర పనిచేసే పెద్దాయన పెట్టిన పేరు. మేమంతా అంచులు కలిసీ కలవకుండా మడిచేసి గుట్టలు పెంచుకుంటుంటే ఆమె ఒక్క ముడతను కూడా ఒప్పుకునేది కాదు. "మంచం మీదున్న రోగి ముడతలు లెక్కపెడతాడా తల్లీ?" అని మేస్త్రి విసుక్కుంటే, "పడుకున్నవాడికి అంతకంటే పనేముంది సార్?" అనేది. ముప్పై నిండని మనిషి. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేది. అమ్మానాన్నలతో, తమ్ముడితో కలిసి ఈ దేశం వచ్చింది. తండ్రి ఒకప్పుడు భూములు కొలిచే సర్వేయరు. ఇక్కడ కార్లు నిలిపే భవనం గేటు దగ్గర, అద్దాల గదిలో కూర్చుని వచ్చేపోయే కార్లకు అడ్డకర్ర ఎత్తే పని. అయినా జేబులో రెండు పెన్నులు లేకుండా గడప దాటేవాడు కాదు.

ఆ తండ్రి పేరు మీదే కుటుంబానికంతటికీ ఇక్కడ స్థిరపడే అనుమతి వచ్చింది. భార్య, కొడుకు, పెళ్ళికాని కూతురు. ఆ 'పెళ్ళికాని' అన్నది ఊరికే రాసే మాట కాదు. షరతు. పెళ్ళయితే కూతురు తండ్రి కాగితాల మీద రావడానికి వీల్లేదు.

రెండు తేదీల సంగతి ఆమె నాకు ఒక్కరోజులో చెప్పలేదు. దుప్పటికొక ముక్క చొప్పున చెప్పింది.

అనుమతి చేతికొచ్చి, టికెట్లు కూడా కొనేశాక వియ్యాలవారింటి నుంచి కబురొచ్చింది. అప్పటికే ఆమెకు సంబంధం కుదిరి ఉంది. అబ్బాయిది బస్సులకు సీట్లు కుట్టే పని. వాళ్ళమ్మకు జబ్బు ముదిరింది, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. కళ్ళముందు కొడుకు పెళ్ళి జరగాలని ఆవిడ కోరిక. తండ్రి ససేమిరా అన్నాడు. చివరికి ఆవిడే ఫోను చేసింది. "అన్నయ్యా," అని పిలిచిందట. ఆ తర్వాత ఆయాసం తప్ప మాట రాలేదట. ఫోను పెట్టేసి తండ్రి చాలాసేపు బాల్కనీలో నిలబడి, లోపలికొచ్చి సరే అన్నాడు.

లోపలి గదిలోంచి మంచాన్ని ముందు గదిలోకి తెచ్చారు. మంచానికి ఒకపక్క వధూవరులు, రెండోపక్క ఆక్సిజన్ సిలిండరు. చుట్టాలు మేడమీద వంతులవారీగా భోంచేసి వెళ్ళారు. పెళ్ళి అవుతున్నంతసేపూ అత్తగారు కోడలి వేళ్ళు పట్టుకునే ఉందట. "పట్టు ఎంత గట్టిగా ఉందో తెలుసా అక్కా, ఈ మనిషి ఎక్కడికీ పోదనిపించింది," అంది నిదానం.

సాయంత్రం తండ్రి పెళ్ళికొడుకును పక్కకు పిలిచాడు.

"బాబూ, రిజిస్టరు మాత్రం చేయించొద్దు. మేం వెళ్ళి కాస్త కుదురుకుంటాం. తర్వాత అమ్మాయి తిరిగొచ్చి ఆఫీసులో సంతకాలు పెడుతుంది. అప్పుడే పెళ్ళయిందనుకుందాం."

"అనుకోవడమేంటి మామయ్యా, ఇప్పుడే అయింది కదా," అన్నాడు అతను.

"మన మధ్య అయింది. కాగితం మీద కాలేదు. అంతే తేడా."

వీళ్ళు విమానం ఎక్కిన నెలలోనే అత్తగారు పోయింది. ఇక్కడ దిగినరోజు విమానాశ్రయంలో అధికారి నలుగురినీ వరసగా నిలబెట్టి, అనుమతి వచ్చాక ఇంట్లో పెళ్ళిళ్ళు, పుట్టుకలు, మార్పులేమైనా ఉన్నాయా అని అడిగాడు. తండ్రి తల తిప్పకుండా కూతురు వైపు కళ్ళు మాత్రం తిప్పాడు. ఆమె "లేదు" అంది. నలుగురి పాస్‌పోర్టుల మీదా ముద్రలు పడ్డాయి.

రెండేళ్ళ తర్వాత ఆమె వెళ్ళి సంతకాలు పెట్టి పెళ్ళి రిజిస్టరు చేయించుకుని వచ్చింది. ఇప్పుడు భర్తను రప్పించుకోవడానికి దరఖాస్తు నింపుతోంది. అందులో పెళ్ళి తేదీ రాయమని ఒక గడి. నన్ను ఆ ప్రశ్న అడిగింది అందుకే.

"నిజం రాసెయ్యవే," అన్నాను నేను, మన సొమ్మేం పోతుందన్నట్టు.

"రాస్తే దిగిననాడు అబద్ధమాడానని నేనే ఒప్పుకున్నట్టు. పోతే నేనొక్కదాన్నే పోతానా అక్కా? నాన్న కాగితాలు తిరగేస్తారు. తమ్ముడి చదువు సగంలో ఉంది."

ఆ ఆదివారం తండ్రీ కూతుళ్ళు దరఖాస్తులు నింపిపెట్టే ఒకాయన దగ్గరికి వెళ్ళారు. మెట్లకింద చిన్న గది, గోడ నిండా ఎవరెవరివో థాంక్యూ కార్డులు. రిజిస్ట్రేషను సర్టిఫికెట్ చూసి ఆయన హుషారుగా, "ఈ తేదీయే కదమ్మా?" అన్నాడు. ఆమె అంతా చెప్పబోయింది. రెండు వాక్యాలు అయ్యేసరికి ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"అక్కడితో ఆపమ్మా. ఇంట్లో జరిగినా, మేడమీద జరిగినా, మీ ఊళ్ళో దాన్ని పెళ్ళంటే ఇక్కడా పెళ్ళే. మీరు మొదటి తేదీ చెప్తే నేను మొదటిదే రాయాలి. చెప్పకపోతే సర్టిఫికెట్ మీదున్నది రాస్తాను. మీరింకా నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు."

తండ్రి జేబులోంచి పెన్ను తీసి కూతురి ముందు పెట్టాడు. "సర్టిఫికెట్‌లో ఉన్నదే రాయి. ప్రభుత్వం వేసిన తేదీని ప్రభుత్వమే కాదంటుందా?"

ఆమె రెండో తేదీ రాసింది. "చెయ్యి కొంచెమైనా వణకలేదక్కా. దాంతో భయమేసింది," అంది మర్నాడు.

ఆ తర్వాత ఆమె ముళ్ళమీద ఉన్నట్టే ఉండేది. ఫోను మోగితే దుప్పటి కొసలు ఆమె చేతుల్లో బిగుసుకోవడం ఇవతల నాకు తెలిసేది. కొన్నాళ్ళకు పెళ్ళి ఫొటోలు పంపమని అడిగారు. అసలు పెళ్ళివి ఉన్నాయి గానీ, అన్నిట్లోనూ మంచం ఉంది, మంచం మీద ఆవిడ ఉంది. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద దిగినవి పంపారు. నాకూ చూపించింది. ఎండలో కళ్ళు చిట్లించుకుని ఇద్దరు. పక్కన సాక్షి సంతకాలకు పట్టుకొచ్చిన ఎవరో ఇద్దరు. ఒక్కరి మొహంలోనూ పెళ్ళి కళ లేదు.

"మరీ బ్యాంకు లోనుకు వెళ్ళినట్టున్నారేంటే," అన్నాను నవ్వించాలని.

"వాళ్ళకీ అలానే అనిపిస్తే?" అంది.

అనిపించిందో లేదో తెలియదు. భర్తను ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఆ కబురు వచ్చినప్పటినుంచి భోజనాల వేళ లాండ్రీ వెనక గుమ్మం దగ్గర, ఆవిరి గొట్టాల పక్కన కూర్చుని ఫోనులో అతనికి పాఠం చెప్పేది. ఒక చేతిలో ముద్ద, ఎదురుగా ఫోను. నేనూ పక్కనే తింటుండేదాన్ని కాబట్టి అంతా నా చెవిన పడేది.

"పెళ్ళి ఎప్పుడు?"

అతను రెండో తేదీ గడగడా చెప్పేవాడు.

"ఎక్కడ?"

"రిజిస్ట్రారు ఆఫీసులో."

"మీ అమ్మగారు?"

అక్కడ అతను ఆగేవాడు.

"ఏమండీ, ఆగకూడదు. అప్పటికే లేరు అని చెప్పేయాలి."

"నిజంగానే అప్పటికి లేదుగా. చెప్తాలే."

"మరి ఆగుతారెందుకు?"

"నాకేం తెలుసు? కుట్టుపని చేసుకునేవాణ్ణి. నోటితో బతికేవాణ్ణి కాదు. అడిగితే చెప్తాను, పెట్టెయ్యి."

ఇంటర్వ్యూ రోజున ఆమె సెలవు పెట్టలేదు. ఇంట్లో ఉంటే నాన్న మొహం చూడాలి అంది. మధ్యాహ్నం మురికి బట్టల తోపుడుబండి పక్కన నిలబడి ఫోను ఎత్తింది. అవతల అతను చాలాసేపు మాట్లాడాడు. ఈమె "ఊ" అనడం తప్ప ఏమీ లేదు. చివర్లో, "పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా?" అని మాత్రం అడిగింది. ఫోను జేబులో వేసుకుని బల్ల దగ్గరికొచ్చి దుప్పటి అందుకుంది. అంచులు కలపబోయింది, కలవలేదు. మళ్ళీ కలపబోయింది.

"చెప్పేశాడక్కా," అంది.

నా వైపు కొసలు బల్లమీద పెట్టేశాను.

అక్కడ జరిగింది ఇది. అధికారి పెద్ద వయసు ఆవిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సీట్లు ఎలా కుడతారు, భార్య ఏం పనిచేస్తుంది, బావమరిది ఏం చదువుతున్నాడు అని అడిగింది. అన్నీ బాగానే చెప్పాడు. పెళ్ళి తేదీ కూడా తడుముకోకుండా చెప్పాడు. ఆవిడ కాగితాలు తిప్పుతూ అతని తల్లి మరణ ధ్రువపత్రం దగ్గర ఆగింది. "అయ్యో, మీ పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయారా? పాపం, చూడలేకపోయారన్నమాట," అంది. అది ప్రశ్న కూడా కాదు. తల ఊపితే సరిపోయేది.

అతను ఊపలేకపోయాడు. "చూసిందండీ," అన్నాడు. "మా అమ్మ చూసింది. ఆమె మంచం పక్కనే చేసుకున్నాను." అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది. ఇంకో అధికారిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "పర్లేదు. తొందరేం లేదు. మొదట్నుంచి చెప్పండి," అంది, అదే మెత్తని గొంతుతో. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, రిజిస్టరు ఎందుకు చేయించలేదు, అన్నీ అడిగింది. అతను అన్నీ చెప్పాడు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో జరిగింది కూడా ఆమె చెబితేనే తెలిసింది. తండ్రి కేకలు పెట్టలేదట. పెట్టినా బాగుండేది.

"తలూపలేకపోయాడా?" అన్నాడు.

"వాళ్ళమ్మ నాన్నా."

"వాళ్ళమ్మ పోయింది. మనం ఉన్నాం. ఉన్నవాళ్ళ కొంప ముంచాడు నీ మొగుడు." అని ఆగి, "నువ్వైనా తలూపి ఉండేదానివా?" అని అడిగాడు.

తల్లి పొయ్యి కట్టేసి వచ్చి, వండింది వండినట్టే వదిలేసి కూర్చుంది. తమ్ముడు తన గదిలోంచి బయటికి రాలేదు.

భర్త దరఖాస్తును తిరస్కరించారు. ఆ వెనకే ఆమెకు విచారణకు రమ్మని కబురొచ్చింది. "నువ్వూ రా అక్కా," అంది. మేస్త్రిని బతిమాలి సెలవు తీసుకుని వెళ్ళాను. తండ్రి కూడా వచ్చాడు. ఆరో అంతస్తులో పొడుగాటి వరండా, గోడకు బిగించిన కుర్చీలు, ఏ గది తలుపు మీదా పేరు లేదు, అంకెలే. ఆమెను ఒక గదిలోకి పిలిచి తలుపు వేశారు. బయట మేమిద్దరం మిగిలాం.

ఆయన జేబులోని పెన్నును తీస్తూ, మళ్ళీ పెడుతూ కూర్చున్నాడు. కాసేపటికి నా వైపు చూడకుండానే, "లేదని చెప్పమన్నది నేనే," అన్నాడు. "విమానంలోనే చెప్పాను. దానికి ఇష్టం లేదు. అమ్మను, తమ్ముణ్ణి చూసి ఒప్పుకో అన్నాను."

"అయితే లోపలికెళ్ళి ఆ మాట చెప్పండన్నయ్యా," అన్నాను.

ఆయన లేచాడు. తలుపు దాకా వెళ్ళి చెయ్యి పైకెత్తాడు. లోపలినుంచి కూతురి గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఎత్తిన చెయ్యితో అలాగే నిలబడి వింటూ ఉన్నాడు. తర్వాత వచ్చి, ఇందాక కూర్చున్న కుర్చీలో కాకుండా అవతలి చివర కూర్చున్నాడు.

బయటికొచ్చాక ఆమె మాకంటే ముందే మెట్ల వైపు నడిచింది. తండ్రి ముందు నోరు మెదపలేదు. మర్నాడు బల్ల దగ్గర చెప్పింది.

"లేదని ఎవరు చెప్పమన్నారని అడిగారు. నాకు నేనే చెప్పానన్నాను. మీ ఇంట్లోవాళ్ళకు పెళ్ళి సంగతి తెలుసా అన్నారు. తెలీదు, వాళ్ళెవరూ రాలేదు, దొంగచాటుగా చేసుకున్నాం అన్నాను."

"మీ ఆయన అక్కడ అందరూ వచ్చారని చెప్పాడు కదే?"

"అదే చదివి వినిపించారు. ఆయనకు ఆ రోజు మతి లేదండీ, అమ్మను తలుచుకుని ఏదేదో చెప్పారన్నాను." దుప్పటి దులిపింది. "నమ్మినట్టే రాసుకున్నారక్కా. ఒక్కమాట ఎదురడగలేదు. అదే నాకు బాగాలేదు."

ఆమె అనుమతి రద్దయింది. అప్పీలు చేసుకోమన్నారు గానీ, చేస్తే మళ్ళీ అందర్నీ పిలుస్తారని ఆమె చెయ్యనంది. వెళ్ళేముందు రోజు కూడా పనిలోకి వచ్చింది. రోలరు పెద్దాయన యంత్రం ఆపి, ఆమె తలమీద చెయ్యిపెట్టి, "నీ తర్వాత ఈ బల్ల దగ్గర ఎవత్తె వచ్చినా నాకు నచ్చదు," అన్నాడు. మేస్త్రి ఆ రోజు ముడతల ఊసెత్తలేదు. నేను ఏడవకూడదనుకుని మేస్త్రి బట్టతల మీద ఏదో జోకు వేశాను. మధ్యలోనే ఆపేసి దుప్పటి అందుకున్నాను.

ఇప్పుడామె భర్త దగ్గర, రెండు గదుల ఇంట్లో ఉంటోంది. ఒక పెద్ద హోటలు లాండ్రీలో పని దొరికింది. "దుప్పట్లు మెత్తగా ఉంటాయిగానీ మనుషులు నీలా లేరక్కా," అంటుంది. భర్తతో ఎలా ఉందని ఒకసారి అడిగాను. "మొదట్లో ఆయన నా మొహం చూసేవాడు కాదు. నేను కూడా కావాలనే ఆ సంగతి ఎత్తేదాన్ని కాదు. ఒకరోజు వాళ్ళమ్మ మంచం అమ్మేద్దామన్నాడు. వద్దన్నాను. అప్పట్నుంచి కాస్త మాట్లాడుకుంటున్నాం," అంది.

ఇక్కడితో అయిపోతే ఏదోలా సర్దుకునేవాళ్ళు. మొన్నీమధ్య ఒక సాయంత్రం పని ముగించుకుని వస్తుంటే లాండ్రీ గేటు బయట ఆ తండ్రి నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

"లోపల అది నా గురించి ఏం చెప్పిందో నీకు తెలుసా అమ్మా?"

చెప్పాను. ఆయన గేటు పక్కన అరుగు మీద కూలబడ్డాడు.

"నన్ను రమ్మన్నారు," అన్నాడు. "మీ కూతురి పెళ్ళికి మీరు వెళ్ళారా అని అడుగుతారట. వెళ్ళానంటే అది ఆడిన అబద్ధం బయటపడుతుంది. నేనూ పోతాను, వీళ్ళూ పోతారు. వెళ్ళలేదంటే..."

చిన్నప్పుడు ఆమె కొలతల గొలుసు మోస్తూ తన వెంట పొలాల్లో తిరిగేదని, గట్టు మీద గొలుసు పెట్టమంటే వేలెడు కూడా తేడా రానిచ్చేది కాదని ఏదో చెప్పాడు. నేను విన్నాను. ఏం చెయ్యాలో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

వెళ్ళొచ్చాక ఫోను చేశాడు. కూతురి పెళ్ళి సంగతి తనకు తెలియదని, తాను వెళ్ళలేదని చెప్పి సంతకం పెట్టి వచ్చాడట. అధికారులు చాలా మర్యాదగా మాట్లాడారట. టీ కూడా ఇచ్చారట. లేచి వస్తుంటే, మీ అబ్బాయి ఇప్పుడు ఏ ఊళ్ళో చదువుతున్నాడు, ఫోను నంబరు ఏమిటి అని అడిగి రాసుకున్నారట.

ఆ సంగతి నిదానానికి నేనే చెప్పాను. ఫోనులో హోటలు యంత్రాల మోత తగ్గింది, బయటికి నడిచొచ్చినట్టుంది.

"నాన్న రాలేదన్నాడా?" అంది. "మంచం తలాపిన నిలబడింది ఆయనే అక్కా. ఆ సిలిండరు తిప్పింది తమ్ముడు."

తమ్ముడికి ఇంకా పిలుపు రాలేదు.